సరుకుల చీటీ రాసే కంప్యూటర్

కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రామ్ వేయాలంటే ఇంటర్నెట్ ఉండి తీరాలని ఇప్పుడు దాదాపు అందరూ నమ్ముతున్నారు. లైనక్స్ విషయంలో అది నిజం కాదు. చింతపల్లి ఏజెన్సీలో మా హైస్కూలు కంప్యూటర్ గదికి ఇంటర్నెట్ తీగ ఇంకా రాలేదు. ఫోన్‌కి సిగ్నల్ అందాలంటే బడి వెనక గుట్ట ఎక్కాలి, వానాకాలంలో అక్కడా నమ్మకం లేదు. అయినా ఆ గదిలో ప్రతి యంత్రంలోనూ రాత్రి ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం ఉంది. చిన్న తరగతుల వాళ్లకి ఆటలతో లెక్కలు నేర్పే జీకాంప్రీ ఉంది. లిబ్రెఆఫీస్ ఉంది, బొమ్మలు వేసుకునే టక్స్‌పెయింట్ ఉంది, చక్కటి తెలుగు ఫాంట్లు ఉన్నాయి. అన్నీ నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కే బస్సులో, పెన్‌డ్రైవ్‌లో వచ్చినవే.

నేను లెక్కల టీచర్ని. కంప్యూటర్ గది తాళం నా దగ్గర ఉంటుంది కాబట్టి ఆ పనీ నాదే అయింది. పక్క మండలాల టీచర్లు ఎప్పుడు కలిసినా ఒకే మాట అడుగుతారు: "నెట్ లేకుండా ఎలా వేస్తున్నారు మేడమ్?" వాళ్లకి నోటితో చెప్పేదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఇది బడులకే పనికొచ్చే విషయం కాదు. సిగ్నల్ లేని పొలం ఇంట్లో ఉన్నవారికీ, డేటా ప్యాక్ పొదుపుగా వాడుకునేవారికీ, భద్రత కోసం కావాలనే నెట్ తీసేసిన ఆఫీసులకీ దారి ఇదే.

మా గదిలో ఉన్నవి ఒక ఆఫీసు వాళ్లు మార్చేసి మాకిచ్చిన పాత యంత్రాలు. వాటిలో డెబియన్ అనే లైనక్స్ వేశాం. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థని ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు ఇప్పటికీ కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. ఉబుంటు దీని మీద కట్టిందే. సీడాక్ చెన్నై కేంద్రం తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా దీని మీద కట్టిందే. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఇన్‌స్టాలర్‌ని గ్రాఫికల్ పద్ధతిలో నడిపితే ప్రశ్నలు తెలుగులో అడుగుతుంది. నేను డెబియన్‌ని ఎంచుకున్నది మాత్రం వేరే కారణంతో. నెట్ లేని కంప్యూటర్‌ని కూడా పూర్తి స్థాయి కంప్యూటర్‌గానే చూసే అలవాటు వాళ్లు ఇంకా వదులుకోలేదు.

ఆ అలవాటు ఎక్కడిదో నా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. ఆ తర్వాత చాలా ఏళ్లు ఫోన్ తీగ మీద కీచుమని అరిచే మోడెమ్‌లే దిక్కు. 56 కేబీపీఎస్ వేగం ఒక్క క్షణం కూడా తగ్గకుండా వచ్చినా ఒక సీడీ నిండా సాఫ్ట్‌వేర్ దిగడానికి ఒక రోజు దాటుతుంది. అంతసేపు లైన్ తెగకుండా ఉన్న ఇల్లు నేనైతే చూడలేదు. అందుకే అప్పట్లో లైనక్స్ పత్రికలతోపాటు వచ్చేది. పీసీక్వెస్ట్ పత్రిక లైనక్స్ సీడీ వేసిన నెలలో విశాఖలో మా హాస్టల్ మొత్తానికి అదొక్కటే ప్రతి, గది నుంచి గదికి తిరిగేది. తర్వాత ఉబుంటు వాళ్లు షిప్‌ఇట్ పేరుతో అడిగినవారందరికీ ఉచితంగా సీడీలు పోస్టులో పంపారు, 2011 దాకా. వేరే సాఫ్ట్‌వేర్ సీడీని కాపీ చేస్తే దొంగతనం. లైనక్స్ సీడీని కాపీ చేసి పక్కవాడికి ఇవ్వడం లైసెన్సులో రాసిపెట్టిన హక్కు. చేతి నుంచి చేతికి మారడం మీదే పెరిగిన వ్యవస్థకి నెట్ లేకపోవడం కొత్త కష్టమేమీ కాదు.

మరి చిక్కెక్కడ? మా పదో తరగతి పిల్లాడి అన్నయ్య విశాఖలో పాలిటెక్నిక్ చదువుతూ తమ్ముడి కోసం స్టెల్లేరియం ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పంపాడు. ఒక్కటే ఫైలు, చివర డెబ్ అని ఉంది. పిల్లాడు ఆశగా నొక్కాడు. ఫలానా లైబ్రరీ లేదు, ఫలానా డేటా ప్యాకేజీ లేదు అని తెర నిండా వచ్చింది. వాడి మొహం వాడిపోయింది.

డెబ్ ఫైలు నిజానికి ఒక మూట. దాన్ని విప్పితే రెండు ముఖ్యమైన భాగాలు కనిపిస్తాయి. ఒకదాంట్లో ప్రోగ్రామ్ ఉంటుంది. రెండోదాంట్లో ఆ ప్రోగ్రామ్ గురించిన సమాచారం ఉంటుంది: పేరు, వెర్షన్, ఏ రకం ప్రాసెసర్ మీద నడుస్తుంది, నడవడానికి ఇంకే ప్యాకేజీలు కావాలి. ఆఖరుదే డిపెండెన్సీ. ఒకరు చక్కగా రాసిన లైబ్రరీని వంద ప్రోగ్రామ్‌లు పంచుకుంటాయి, ఎవరికి వారు మళ్లీ రాసుకోరు. డిస్క్‌లో చోటు మిగులుతుంది, ఒక లోపం బయటపడితే ఒక్కచోట దిద్దితే అందరికీ సరిపోతుంది. దీనికి మూల్యం, ఒక్కదాన్ని తెస్తే చాలకపోవడం. స్టెల్లేరియానికి క్యూటీ లైబ్రరీలు కావాలి, వాటికి ఇంకొన్ని, వాటికి మరికొన్ని. నెట్ ఉంటే ఈ గొలుసంతా ఆప్ట్ అనే ప్రోగ్రామ్ తనే వెతికి తెచ్చుకుంటుంది. ఒంటరి డెబ్ ఫైలుని పరిచేది డీపీకేజీ. అది ఏమేం కావాలో చెప్పగలదు కానీ తెచ్చిపెట్టలేదు.

ఈ జాబితాని మనం చేత్తో రాయడం మొదలుపెడితే తెమలదు. ఒకటి తెస్తాం, అది ఇంకో మూడు అడుగుతుంది. మళ్లీ బస్సెక్కాలి. ఇక్కడే నాకెంతో ఇష్టమైన పనిముట్టు ఒకటుంది, పేరు ఆప్ట్-ఆఫ్‌లైన్. మన దేశానికి చెందిన డెబియన్ డెవలపర్ రితేష్ రాజ్ సర్రాఫ్ రాసినది. ఇంట్లో ఏ డబ్బా ఖాళీ అయిందో తెలిసిన ఇల్లాలు సరుకుల చీటీ రాసి పిల్లాణ్ని కొట్టుకి పంపినట్టు, నెట్ లేని కంప్యూటరే తనకేం కావాలో చీటీ రాసిస్తుంది. "నాకు స్టెల్లేరియం కావాలి" అని దానికి చెప్తే తనలో ఇప్పటికే ఏమున్నాయో చూసుకుని, లేనివి మాత్రమే ఒక చిన్న ఫైలులో రాస్తుంది. ఏ చిరునామా నుంచి, ఏ పేరుతో, ఎంత సైజు, తెచ్చింది అసలైనదో కాదో పోల్చుకోవడానికి చెక్‌సమ్ ఏమిటి, అన్నీ అందులో ఉంటాయి. అదంతా అక్షరాలే కాబట్టి ఎంత చిన్న పెన్‌డ్రైవ్‌లోనైనా పడుతుంది.

ఆ చీటీని నర్సీపట్నంలో మా తమ్ముడి డీటీపీ షాపుకి తీసుకెళ్తాను. పెళ్లి శుభలేఖలు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్, అదీ వాడి లోకం. యంత్రం విండోస్ది. ఫరవాలేదు, పైథాన్ ఉంటే ఆప్ట్-ఆఫ్‌లైన్ విండోస్ మీదా నడుస్తుంది. చీటీ చూపిస్తే అన్నీ దింపి, చెక్‌సమ్ సరిచూసి, ఒకే జిప్ ఫైలుగా కట్టి ఇస్తుంది. "అక్కా, నువ్వు టీ తాగేలోపు అయిపోద్ది" అంటాడు వాడు. సోమవారం బడికి వెళ్లి ఆ జిప్‌ని యంత్రానికి అప్పగిస్తే ప్యాకేజీలన్నీ వాటి చోట్లో సర్దుకుంటాయి. తర్వాత ఎప్పటిలా ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేయమనడమే. ప్యాకేజీలు నెట్‌లోంచి వచ్చాయా, బస్సులోంచి వచ్చాయా అన్నది ఆప్ట్‌కి తేడా లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. చీటీ రాయాలంటే కంప్యూటర్‌కి అసలు లోకంలో ఏయే ప్యాకేజీలున్నాయో తెలియాలి. కాబట్టి మొదటి చీటీలో సరుకులు అడగకూడదు, జాబితాలు మాత్రమే అడగాలి. అవి వచ్చాక రెండో చీటీలో ప్రోగ్రామ్ అడగాలి. ఆప్ట్-ఆఫ్‌లైన్‌ని కూడా మొదటిసారి విడిగా తెచ్చుకోక తప్పదు. తెచ్చిన సరుకు చీటీ రాసిన యంత్రానికే సరిపోతుంది. డెబియన్ 12 కోసం తెచ్చినవి డెబియన్ 13లో వేయకూడదు, 64 బిట్ కోసం తెచ్చినవి 32 బిట్ యంత్రానికి పనికిరావు. మా గదిలో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి చీటీ పేరులోనే ఏ రకానిదో రాసుకుంటాను. కమాండ్‌లు ఇక్కడ రాయడం లేదు. మ్యాన్ అనే పదం తర్వాత దాదాపు ఏ ప్రోగ్రామ్ పేరు టైప్ చేసినా దాని వివరణ నెట్ లేకుండానే తెర మీదకి వస్తుంది. ఆ పుస్తకం ప్యాకేజీతోపాటే వస్తుందని చాలామందికి తెలియదు. చేయి తిరగడానికి ఫాంట్‌తో మొదలుపెట్టమంటాను. లోహిత్ తెలుగు, తెలుగువిజయం లాంటి ఫాంట్ ప్యాకేజీలు గొలుసుకట్టు అవసరాలు పెట్టవు.

వేరే దారులూ ఉన్నాయి. డెబియన్ మొత్తాన్ని డీవీడీ ఇమేజ్‌ల వరసగా ఇప్పటికీ ఇస్తున్నారు. మొదటి డీవీడీ ఒక్కటి ఉంటే ఇల్లో బడో సుఖంగా నడిచిపోతుంది. ఆప్ట్-సీడీరామ్‌తో దాన్ని ఆప్ట్‌కి పరిచయం చేస్తే ఆ డిస్కే సరుకుల కొట్టు అవుతుంది. సినాప్టిక్ అనే గ్రాఫికల్ ప్రోగ్రామ్‌లో కావలసినవి గుర్తుపెట్టి, డౌన్‌లోడ్ స్క్రిప్ట్ తయారుచేయించవచ్చు. కొందరు పట్నంలో అదే వెర్షన్ ఉన్న ఇంకో లైనక్స్‌లో దింపి, ఆ యంత్రంలో దాచిన ఫైళ్లు కాపీ చేసుకొస్తారు. ఇందులో మెలిక ఉంది. పట్నం యంత్రంలో కొన్ని లైబ్రరీలు ముందే ఉంటే వాటిని అది మళ్లీ దింపదు, మీరు తెచ్చిన కట్టలో అవి ఉండవు. పైగా ఇప్పటి ఆప్ట్ కమాండ్ ఇన్‌స్టాల్ అయ్యాక దింపిన ఫైళ్లని తుడిచేస్తుంది. దింపడం మాత్రమే చేసి ఆగమని చెప్పాలి.

ఒక యంత్రానికి వచ్చాక మిగతావాటికి పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగనక్కర్లేదు. గదిలో ఒక స్విచ్ ఉంది, తీగలు ఉన్నాయి. బయట ప్రపంచంతో సంబంధం లేకపోయినా గదిలోపల నెట్‌వర్క్ ఉన్నట్టే కదా. ఫైళ్లన్నీ ఒక యంత్రంలో పెట్టి, వాటికి సూచిక తయారుచేసి, మిగతా వాటికి "మీ కొట్టు ఇదీ" అని చూపిస్తే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "టీచర్, దారిలో ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఏదైనా కలిపేస్తే?" ఇంతకంటే మంచి ప్రశ్న నా గదిలో ఎవరూ వేయలేదు. డెబియన్ ప్రతి ప్యాకేజీకీ ఎస్‌హెచ్‌ఏ256 అనే పద్ధతిలో ఒక పొడుగాటి సంఖ్య లెక్కగడుతుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఈ సంఖ్యలన్నీ ప్యాకేజీల జాబితాలో ఉంటాయి. ఆ జాబితాకి మళ్లీ ఒక సంఖ్య ఉంటుంది, అది రిలీజ్ అనే ఫైలులో ఉంటుంది. రిలీజ్ ఫైలు మీద డెబియన్ వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకాన్ని పోల్చుకునే తాళంచెవి మన కంప్యూటర్‌లో డెబియన్ వేసిన రోజే వచ్చి కూర్చుంది. కాబట్టి పెన్‌డ్రైవ్ ఎంతమంది చేతులు మారినా, డీటీపీ షాపులో వైరస్ ఉన్నా, ఎవరైనా ప్యాకేజీలో వేలు పెడితే సంఖ్య తప్పుతుంది, సరిపోల్చి చూస్తే బయటపడుతుంది. ఈ ఏర్పాటు 2007లో వచ్చిన డెబియన్ 4 నుంచీ ఉంది. బోర్డు మీద గీసి చెప్పాను. లెక్కల పీరియడ్‌లో సగం దానికే పోయింది, పోనీ.

అందుకే ఒంటరి డెబ్ ఫైలుని డీపీకేజీతో నేరుగా పరచడం నాకిష్టం లేదు. మామూలుగా ఆ ఫైలు మీద విడిగా సంతకం ఉండదు. సంతకం జాబితాకి ఉంటుంది, జాబితా లేకుండా వస్తే పోల్చుకునే ఆధారం లేదు. సొంతంగా కొట్టు పెట్టుకునేటప్పుడు ఆప్ట్ సంతకం అడుగుతుంటే, "నమ్మేయ్" అని ఒక సెట్టింగ్ పెట్టి దాని నోరు మూయించమని సలహా ఇచ్చేవాళ్లు కనిపిస్తారు. అది చేయకండి. మన తాళంచెవి మనం తయారుచేసుకుని జాబితా మీద సంతకం పెట్టుకోవడం ఒక మధ్యాహ్నం పని.

ఈ సంతకాల వ్యవహారంలో ఎవరూ ఊహించని శత్రువు ఒకటుంది. నాణెమంత బ్యాటరీ. పాత కంప్యూటర్ల మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే గుండ్రటి బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. నెట్ ఉన్నచోట టైమ్ దానంతటదే సర్దుకుంటుంది. మా దగ్గర అలా కాదు. కంప్యూటర్ తన దృష్టిలో పదేళ్ల కిందట ఉంటుంది, మనం తెచ్చిన జాబితా మీద ఈ నెల తేదీ ఉంటుంది. ఇది ఇంకా చెల్లదని ఆప్ట్ తిప్పికొడుతుంది. ఎదురు దిక్కులోనూ ఇదే తంతు. భద్రతా సవరణల జాబితాకి కొద్ది రోజుల గడువే ఉంటుంది. తెచ్చి బీరువాలో పెట్టి మర్చిపోతే గడువు దాటిందంటుంది. ఎవరైనా నన్ను పిలిచి "ఆప్ట్ మొరాయిస్తోంది" అంటే ముందు తెర మూలనున్న తేదీ చదవమంటాను.

పెన్‌డ్రైవ్ విషయంలో రెండు మాటలు. చాలావాటిలో ఉండే ఫ్యాట్32 పద్ధతిలో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. పెద్ద ఇమేజ్‌లకి ఎక్స్‌ఫ్యాట్ వాడుకోవాలి. కాపీ అయినట్టు కనిపించగానే పీకేయకూడదు, లైనక్స్ కొంత సరుకుని మెమరీలో పెట్టుకుని మెల్లగా రాస్తుంది. ఎజెక్ట్ నొక్కి ఆగాలి.

ఇళ్లలో లైనక్స్ వేసుకునే వారికి తగిలే మరో చిక్కు, వైఫై చిప్‌కి కావలసిన ఫర్మ్‌వేర్ లేకపోవడం. నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ తేవాలంటే నెట్ కావాలి. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసుకుని అలాంటి ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఇన్‌స్టాలర్‌లో కలపడానికి ఒప్పుకున్నారు, డెబియన్ 12 నుంచి ఆ బాధ చాలావరకు తీరింది. అయినా తగిలితే ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెట్టండి. కంప్యూటర్‌కి అది తీగ నెట్‌వర్క్‌లాగే కనిపిస్తుంది, వైఫై డ్రైవర్ అవసరం రాదు.

యాప్‌ఇమేజ్, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అని కొత్త పద్ధతులు వచ్చాయి. యాప్‌ఇమేజ్ తనకి కావలసిన లైబ్రరీల్లో చాలావాటిని తన పొట్టలోనే పెట్టుకుని ఒకే ఫైలుగా వస్తుంది. అనుమతి ఇచ్చి నొక్కితే నడుస్తుంది. అత్యవసరానికి బాగుంటుంది. ఫ్లాట్‌ప్యాక్‌నీ స్నాప్‌నీ కూడా పెన్‌డ్రైవ్‌లో మోయవచ్చు, బరువు ఎక్కువ. నా ఓటు ఆప్ట్‌కే. భద్రతా సవరణలు ఒక్కచోట చేస్తే అన్నిటికీ చేరేది ఆ పద్ధతిలోనే. నెట్ లేని యంత్రానికి సవరణలెందుకని అడుగుతారు. ఊళ్లో అందరి పెన్‌డ్రైవ్‌లూ పెట్టించుకునే యంత్రానికి బయటి గాలి తగలనట్టా? 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ ఇంటర్నెట్‌తో సంబంధం లేని ఇరాన్ అణు కేంద్రంలోని యంత్రాలకి పాకింది యూఎస్‌బీ ద్వారానే అని నిపుణులు భావిస్తున్నారు. నేను నర్సీపట్నం వెళ్లినప్పుడల్లా చీటీలో సవరణలు కూడా అడుగుతాను.

నాకు కోపం తెప్పించేది ఒకటే. బడులకని తయారుచేసే సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పుడు తెరవగానే లాగిన్ అడుగుతోంది. లెక్కల ఎక్కాలు చూపించడానికి ఎక్కడో సర్వర్ అనుమతి ఎందుకు? నెట్ బాగా ఉన్నచోట కూర్చుని రాసేవాళ్లకి గుట్ట వెనక బడి గుర్తురాదు. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు, ఇప్పటి కైట్, బడులకి కావలసిన ప్రోగ్రామ్‌లన్నీ కలిపి సొంత లైనక్స్ ఇమేజ్ తయారుచేసి ఇస్తోంది. ఒక్కసారి వేస్తే పాఠాలకి కావలసినవి అందులోనే ఉంటాయి. తెలుగులోనూ ఆ పని తెలిసినవాళ్లు ఉన్నారు, హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే రూపొందించింది. ప్రతి మండల విద్యా వనరుల కేంద్రంలో ఒక హార్డ్ డిస్క్ పెట్టండి. అందులో డెబియన్ ప్యాకేజీలు, తెలుగు ఫాంట్లు, కివిక్స్‌తో చదువుకునే తెలుగు వికీపీడియా ఉండాలి. సమావేశానికి వచ్చిన టీచర్లు కాపీ చేసుకుని వెళ్తారు. దీనికి టవరూ అక్కర్లేదు, తీగా అక్కర్లేదు, డిస్క్ ఖరీదు తప్ప ఖర్చు లేదు. పై అధికారులకి ఇది రాసి పంపాను, మళ్లీ పంపుతాను.

ఈలోగా నా ముందున్న పని మా గదిలోని 32 బిట్ యంత్రాలది. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. దానికి 32 బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ లేదు. 64 బిట్ వాటిని ఒక వేసవి సెలవుల్లో 13కి మారుస్తాను. 32 బిట్ యంత్రాలు 12 మీదే ఉండిపోతాయి. వాటికి కావలసిన ప్యాకేజీలన్నీ సర్వర్లలో దొరుకుతున్నప్పుడే, జాబితాలతో సంతకాలతో సహా, విడిగా ఒక డిస్క్‌లోకి దింపి పెట్టుకుంటున్నాను. ఆ యంత్రాల మీద ఆరో తరగతి పిల్లలు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ టైపింగ్ నేర్చుకుంటారు. వాటిలోకి బయటి పెన్‌డ్రైవ్‌లు పెట్టనివ్వకూడదని గోడ మీద రాయించాను. కొత్త బ్యాటరీలు కూడా తెచ్చి వేశాను.